పెదవి మీద పొక్కు ఉన్నప్పుడు ఓరల్ సెక్స్ చేస్తే హెర్పిస్ వస్తుందా?

పేరు_వద్దు_29 · సోమవారం, రాత్రి 10:48

నాకు 29 ఏళ్లు. పెళ్లై మూడేళ్లవుతోంది, పిల్లలు ఇంకా లేరు. ఉండేది హైదరాబాద్‌లో. పోయిన నెల నాకు కింద చిన్న చిన్న నీటి పొక్కులు వచ్చాయి. రెండు రోజుల్లో పగిలి పుళ్లయ్యాయి. మూత్రానికి వెళ్లాలంటే భయమేసేంత మంట. జ్వరం, ఒళ్లు నొప్పులు, గజ్జల్లో రెండు వైపులా బిళ్ళలు కట్టాయి. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్తే అక్కడి డాక్టరు చూసి, మా ఆయన పక్కనుండగానే "ఇది సుఖవ్యాధి, ఎవరి నుంచి వచ్చిందో మీరే తేల్చుకోండి" అన్నారు. పుండు నుంచి తీసిన శాంపిల్‌లో హెర్పిస్ టైప్ 1 అని రిపోర్టు వచ్చింది.

మా ఆయన తప్ప నా జీవితంలో ఇంకో మనిషి లేడు. ఆయనా అదే మాట చెప్తున్నారు. అయినా ఆ రోజు నుంచి ఇంట్లో సరిగ్గా మాటల్లేవు. ఆయనకి చిన్నప్పటి నుంచి జ్వరం వస్తే పెదవి చివర పొక్కులు వస్తాయి. నాకు ఇది మొదలవడానికి ఒక వారం ముందు కూడా ఉన్నాయి, ఎండి పక్కు కట్టే దశలో. ఆ రోజుల్లోనే మేము ఓరల్ సెక్స్ చేసుకున్నాం. ఈ రెంటికీ సంబంధం ఉందా అని అడిగితే ఆ డాక్టరు నుంచి జవాబు రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రాయలసీమ_రైడర్ · సోమవారం, రాత్రి 11:20

పెదవి మీద వచ్చేది వేడి చేసి వస్తుంది. నిద్రలో పురుగు పాకినా వస్తుంది. మా ఇంట్లో అందరికీ వస్తుంది, ఎవరికీ కింద ఏమీ రాలేదు. దాన్నీ దీన్నీ కలపొద్దు. మీ ఆయన్ని గట్టిగా నిలదీయండి, నిజం బయటికొస్తుంది.

చర్మవైద్యురాలు_విశాఖ · మంగళవారం, ఉదయం 6:15

పైన పెట్టిన జవాబు తప్పు. దాని వల్ల ఒక సంసారం పాడవుతుంది కాబట్టి ఇది వివరంగా రాస్తున్నాను.

అమ్మా, రెంటికీ సంబంధం ఉంది. మీరు చెప్పిన వరస చూస్తే అలాగే వచ్చి ఉంటుందనడానికి చాలా ఎక్కువ అవకాశం ఉంది. జ్వరంతో పాటు పెదవి అంచున గుత్తిగా వచ్చే నీటి పొక్కులకు కారణం హెర్పిస్ వైరస్ టైప్ 1. వేడి, పురుగు ఏదీ కాదు. జ్వరం, ఎండ, నిద్రలేమి లాంటివి లోపల నిద్రపోతున్న వైరస్‌ను లేపుతాయి, అంతే. చాలామందికి ఇది చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ల ముద్దుల వల్ల వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో దాదాపు 380 కోట్ల మందిలో ఈ టైప్ 1 ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు. వాళ్లలో ఎక్కువమందికి పొక్కే రాదు, తమలో వైరస్ ఉన్న సంగతే తెలియదు.

ఒకసారి ఒంట్లోకి వచ్చాక అది నరాల మొదళ్లలో దాక్కుంటుంది. నోటి దగ్గర వచ్చినదైతే ముఖానికి వెళ్లే నరం దగ్గర, జననాంగాల దగ్గర వచ్చినదైతే నడుము కింద వెన్ను దగ్గర. పొక్కు ఉన్న పెదవి జననాంగాల పలుచటి చర్మానికి తగిలితే వైరస్ అక్కడ కొత్తగా కాపురం పెడుతుంది. తగిలిన రెండు రోజుల నుంచి పన్నెండు రోజుల లోపు పుళ్లు వస్తాయి. మీకు వారం పట్టింది. మీవారి పొక్కులు ఎండే దశలో ఉన్నాయన్నారు. పక్కు పూర్తిగా రాలిపోయి, కింద మామూలు చర్మం వచ్చేదాకా అంటుతాయి.

ఇంకో విషయం. మీకు చిన్నప్పుడే టైప్ 1 వచ్చి ఉంటే ఒంట్లో రక్షణ తయారై ఉండేది, మీవారి నుంచి ఇప్పుడు ఇలా రావడం చాలా అరుదు. మీకు మొదటిసారే జ్వరం, బిళ్ళలతో ఇంత తీవ్రంగా రావడం చూస్తే ఇంతకుముందు ఈ వైరస్ మీకు తగిలి ఉండకపోవచ్చు. రాయలసీమ సోదరుడి ఇంట్లో ఎవరికీ కింద రాకపోవడానికి కూడా బహుశా ఇదే కారణం, అందరికీ చిన్నప్పుడే వచ్చేసి ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పుండు చూసి ఎవరి నుంచి వచ్చిందో చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు. టైప్ 1 అని రిపోర్టు రావడం భార్యాభర్తల్లో ఎవరూ తప్పు చేశారనడానికి సాక్ష్యం కాదు. అలా అనడం నా దృష్టిలో వైద్యం కాదు.

రాయలసీమ_రైడర్ · మంగళవారం, ఉదయం 8:02

డాక్టర్ గారూ, నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. అక్కా, ఏమనుకోవద్దు. ఒక సందేహం. పొక్కు లేనప్పుడు ఏ భయమూ లేనట్టేనా?

ల్యాబ్_అన్న · మంగళవారం, మధ్యాహ్నం 1:35

పొక్కు లేనప్పుడు కూడా అప్పుడప్పుడు లాలాజలంలోకి వైరస్ వస్తూనే ఉంటుంది. పొక్కు ఉన్నప్పటితో పోలిస్తే తక్కువ, కానీ సున్నా కాదు. అందుకే "నాకు ఎప్పుడూ పెదవి మీద ఏమీ రాలేదు" అనే మనిషి నుంచి కూడా రావచ్చు.

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, టెస్టుల గురించి చెప్తాను. తాజా పొక్కు ఉన్నప్పుడు స్వాబ్‌తో తీసి పీసీఆర్ చేస్తే వైరస్ ఉందా లేదా, ఉంటే టైప్ 1నా, ఎక్కువగా కింద వచ్చే టైప్ 2నా అన్నది తేలుతుంది. ఇది నమ్మదగ్గది. పుండు ఎండిపోయాక స్వాబ్ తీస్తే వైరస్ ఉన్నా నెగటివ్ రావచ్చు.

రక్త పరీక్షలతోనే గందరగోళం. మన దగ్గర గర్భిణులకు టార్చ్ ప్యానెల్ అని, కడుపులో బిడ్డకు హాని చేసే ఇన్ఫెక్షన్ల కోసం రక్త పరీక్షలు రాస్తుంటారు. అందులో హెర్పిస్ ఐజీఎమ్ ఉంటుంది, అంటే వైరస్‌కి ఎదురుగా ఒంట్లో తయారయ్యే ఒక రకం యాంటీబాడీ. అది పాజిటివ్ వస్తే "కొత్తగా అంటుకుంది" అని భయపడి ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఐజీఎమ్ పాత వైరస్ మళ్లీ లేచినప్పుడు కూడా రావచ్చు, వేరే వైరస్‌లకు కూడా పొరపాటున పాజిటివ్ రావచ్చు. దాన్ని బట్టి కొత్తదా పాతదా చెప్పలేం. ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ అయితే ఎప్పుడో వచ్చిందని చెప్తుంది, అది నోటి దగ్గర ఉందో కింద ఉందో చెప్పదు. టైప్ 1 ఐజీజీ పాజిటివ్ మన దేశంలో చాలామందికి వస్తుంది, దాన్ని పట్టుకుని ఎవరినీ అనుమానించకూడదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా లక్షణాలు లేనివాళ్లకు ఊరికే హెర్పిస్ రక్త పరీక్ష చేయొద్దనే చెప్తుంది.

డాలస్_తెలుగోడు · మంగళవారం, రాత్రి 9:10

ల్యాబ్ అన్న సీడీసీ పేరెత్తారు కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను. అమెరికాలో చిన్నతనంలో టైప్ 1 తగలడం తగ్గిపోయింది. 14 నుంచి 49 ఏళ్ల వాళ్లలో 1999-2000లో 59 శాతం మందికి ఉంటే 2015-16 నాటికి 48 శాతానికి దిగింది. అంటే రక్షణ లేకుండా పెద్దవాళ్లయ్యేవాళ్లు పెరిగారు. వాళ్లలో చాలామందికి మొదటిసారి వైరస్ తగిలేది ఓరల్ సెక్స్ ద్వారా కావచ్చు. అందుకే ఇక్కడ కాలేజీ వయసు వాళ్లలో కొత్తగా వచ్చే జననాంగ హెర్పిస్‌లో పెద్ద వాటా టైప్ 1దే. మన పిల్లలు చదువుకి ఇక్కడికి వచ్చాక ఈ సంగతి తెలియక, డాక్టరు హెర్పిస్ అనగానే జీవితం అయిపోయిందనుకుంటారు. నా రూమ్మేట్ ఒకతను నెల రోజులు క్లాసులకు వెళ్లలేదు.

పేరు_వద్దు_29 · మంగళవారం, రాత్రి 11:30

డాక్టర్ గారూ, మీ మెసేజ్ మా ఆయనకి చూపించాను. రెండు సార్లు చదివారు. ఆయనకి ఇప్పుడు అడగాలనిపించినవి ఇవి: ఆయన కూడా టెస్ట్ చేయించుకోవాలా? నాకు ఇది మళ్లీ మళ్లీ వస్తుందా? ఈ ఏడాది పిల్లల కోసం అనుకుంటున్నాం, ఇప్పుడు ఆపేయాలా?

చర్మవైద్యురాలు_విశాఖ · బుధవారం, ఉదయం 5:50

మీవారికి చిన్నప్పటి నుంచి పెదవి మీద వస్తోంది కాబట్టి హెర్పిస్ కోసం ప్రత్యేకంగా టెస్ట్ అవసరం లేదు. దానితో కొత్తగా తెలిసేదేమీ లేదు. అయితే కింద పుండు వచ్చిన ఎవరికైనా సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు చేయడం మా పద్ధతి. దాన్ని అనుమానంగా తీసుకోకండి. ఇద్దరూ కలిసి చేయించుకోండి.

మళ్లీ రావడం గురించి భయపడకండి. కింద వచ్చిన టైప్ 1 చాలామందికి మొదటి ఏడాదిలో ఒక్కసారి తిరిగి రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. టైప్ 2 అయితే ఏడాదిలో నాలుగైదు సార్లు తిరగబెడుతుంది. మొదటిసారి వచ్చినంత బాధ తర్వాత ఉండదు. మళ్లీ చురుక్కుమన్నట్టు, చీమలు పాకినట్టు అనిపించిన మొదటి రోజే అసైక్లోవిర్ గానీ వాలసైక్లోవిర్ గానీ మొదలుపెడితే త్వరగా తగ్గుతుంది. మోతాదు మీ డాక్టరు రాస్తారు. పైపూత క్రీములు కింద పెద్దగా పనిచేయవు. మెడికల్ షాపులో దురద తగ్గడానికని ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము మాత్రం అస్సలు రాయొద్దు, పుండు పాకుతుంది. చేతులు శుభ్రంగా కడుక్కోండి. పుండు ముట్టుకున్న చేత్తో కన్ను నలిపితే కంటికి కూడా వస్తుంది.

పిల్లల విషయానికి వస్తే, ఆపాల్సిన పని లేదు. గర్భం రాకముందే వైరస్ వచ్చి, ఒంట్లో రక్షణ తయారయ్యాక గర్భం దాలిస్తే బిడ్డకు సోకే అవకాశం ఒక శాతం కూడా ఉండదు. ఆ రక్షణ మీ నుంచి బిడ్డకు కూడా అందుతుంది. గర్భిణి అయ్యాక మీ గైనకాలజిస్టుకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. 36వ వారం నుంచి మాత్రలు ఇస్తారు. నొప్పులు మొదలైనప్పుడు పుండు ఉంటే ఆపరేషన్ చేస్తారు, లేకపోతే మామూలు కాన్పే.

అసలు ప్రమాదం చివరి నెలల్లో మొదటిసారి వచ్చినవాళ్లకి. కాన్పు దగ్గర పడ్డాక తల్లికి కొత్తగా సోకితే, బిడ్డకు చేరే అవకాశం 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. పురిటి బిడ్డకు హెర్పిస్ మెదడుకో కాలేయానికో పాకితే ప్రాణాపాయం.

ఏడో_నెల · బుధవారం, ఉదయం 10:25

ఇది చదివి గుండె దడ వచ్చింది. నాకు ఏడో నెల. మా ఆయనకి కూడా పెదవి మీద వస్తుంటుంది, నాకు ఎప్పుడూ రాలేదు. మా డాక్టరమ్మని ఇలాంటివి అడగాలంటే సిగ్గు. ఏం చేయాలి?

చర్మవైద్యురాలు_విశాఖ · బుధవారం, మధ్యాహ్నం 2:05

అమ్మా, కాన్పయ్యేదాకా ఆయన మీకు ఓరల్ సెక్స్ చేయకుండా ఉంటే చాలు. పొక్కు ఉన్నా లేకపోయినా. పొక్కు ఉన్న రోజుల్లో ముద్దులు కూడా వద్దు. మీకు చిన్నప్పుడే వచ్చి ఉండి, తెలియకపోయే అవకాశమే ఎక్కువ, కానీ ఈ మూడు నెలలకు జాగ్రత్త పడటంలో నష్టం లేదు. బిడ్డ పుట్టాక ఆయనైనా, అమ్మమ్మైనా, చుట్టాలెవరైనా పెదవి మీద పొక్కుతో బిడ్డను ముద్దాడనివ్వకండి. బాధపడతారని ఊరుకోకండి.

డాక్టరమ్మను ముఖాముఖి అడగలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది అలాగే ఇస్తారు.

మాంచెస్టర్_సిస్టర్ · బుధవారం, సాయంత్రం 6:40

ఇంగ్లండ్‌లో సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను, సొంతూరు గుంటూరు జిల్లాలో. అందరూ హెర్పిస్ గురించే మాట్లాడుతున్నారు. నన్ను అడిగితే ఓరల్ సెక్స్ విషయంలో గొంతు గనేరియా గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. గనేరియా అంటే బ్యాక్టీరియా వల్ల వచ్చే సుఖవ్యాధి.

గొంతులో గనేరియా ఉన్నవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కొద్దిమందికి గొంతు నొప్పి ఉంటుంది, దాన్ని మామూలు జలుబు అనుకుంటారు. మూత్రం పరీక్ష చేస్తే గొంతులో ఉన్నది కనపడదు. గొంతు నుంచి స్వాబ్ తీయాల్సిందే. నోటితో చేసినవాళ్ల గొంతులోకి వస్తుంది, అక్కడి నుంచి తర్వాతి మనిషి జననాంగాలకు వెళ్తుంది.

గొంతులో దాన్ని వదిలించడం కష్టం. చాలా మందులు అక్కడికి కావలసినంత చేరవు. పైగా మన గొంతులో ఎప్పుడూ ఉండే హాని చేయని బ్యాక్టీరియాలో దీని దగ్గరి జాతులున్నాయి. మనం ఎప్పుడెప్పుడో వాడిన యాంటీబయాటిక్స్‌కి అవి మొండికేసి ఉంటాయి. గనేరియా క్రిమి వాటి పక్కన చేరి, ఆ జన్యువులను తీసుకుని తానూ మొండిదవుతుంది. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కి బాగా లొంగని మొదటి రకం 2009లో జపాన్‌లోని క్యోటోలో బయటపడింది. అది దొరికింది ఒక మహిళ గొంతు శాంపిల్‌లోనే. అందుకే మెడికల్ షాపుకి వెళ్లి రెండు అజిత్రోమైసిన్ మాత్రలు మింగి సరిపెట్టుకోవద్దని వేడుకుంటున్నాను. ఇంజెక్షన్ తీసుకోవాలి. గొంతులో ఉన్నదైతే ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ స్వాబ్ తీసి, పోయిందని చూసుకోవాలి.

సిఫిలిస్ కూడా నోటి ద్వారా వస్తుంది. పెదవి మీదో, నాలుక మీదో, గొంతులోనో ఒకే పుండు, నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది, రోగం మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు రావచ్చు. తొలి దశలోనే రక్త పరీక్షతో పట్టుకుంటే బెంజతీన్ పెన్సిలిన్ ఒక్క డోసుతో నయమవుతుంది.

గోదారి_గట్టు · బుధవారం, రాత్రి 8:15

నాకు ఎప్పుడూ బుగ్గల లోపల, నాలుక మీద తెల్లటి పుళ్లు వస్తుంటాయి. ఇది చదివాక భయంగా ఉంది.

ల్యాబ్_అన్న · బుధవారం, రాత్రి 8:50

బ్రదర్, నోటి లోపల మెత్తటి భాగంలో తెల్లగా గుంటలా వచ్చి కారం తగిలితే మండేది మామూలు నోటిపూత. అది అంటువ్యాధి కాదు. మూడు వారాలైనా మానని పుండు ఏదైనా సరే, నొప్పి ఉన్నా లేకపోయినా, డాక్టరుకి చూపించాలి. గుట్కా, ఖైనీ అలవాటుంటే ఇంకా ముందే.

నల్గొండ_నాటువైద్యం · గురువారం, ఉదయం 7:00

హెర్పిస్ 21 రోజుల్లో వేళ్లతో సహా తీసేస్తాం, గ్యారంటీ. వాట్సాప్ చేయండి

నిర్వాహకుడు · గురువారం, ఉదయం 7:25

పై సభ్యుడి ఫోన్ నంబరు తీసేశాం, ఖాతా ఆపేశాం. హెర్పిస్ వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు ఏ వైద్యంలోనూ ఇప్పటిదాకా లేదు. మాత్రలతో పుళ్లు త్వరగా మానుతాయి, ఇతరులకు అంటడం తగ్గుతుంది. గ్యారంటీ అన్నవాళ్లకి డబ్బు కట్టకండి. భయపడి ఉన్న మనిషిని దోచుకునే ఇలాంటి ప్రకటనలు ఇక్కడ ఒక్క గంట కూడా ఉండనివ్వం.

హైటెక్_సిటీ_అబ్బాయి · గురువారం, రాత్రి 10:05

నేను గేని. మొదటిసారి ఇక్కడ రాస్తున్నాను. నోటితో చేస్తే హెచ్ఐవీ రాదు కాబట్టి సేఫ్ అని మా ఫ్రెండ్స్ అందరూ అనుకుంటారు, నేనూ అదే విన్నాను. సిస్టర్ గారు రాసింది చదివాక గొంతు స్వాబ్ చేయించుకోవాలనిపిస్తోంది. కానీ డాక్టరు దగ్గర ఏమని చెప్పాలి?

మాంచెస్టర్_సిస్టర్ · శుక్రవారం, తెల్లవారుజామున 3:30

తమ్ముడూ, రాసి మంచి పని చేశావు. ఓరల్ సెక్స్ ద్వారా హెచ్ఐవీ వచ్చే అవకాశం చాలా తక్కువన్న మాట నిజమే. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, నోట్లో పుండు ఉన్నా కొంచెం పెరుగుతుంది. అందుకే దానికి ముందు గట్టిగా బ్రష్ చేసుకోవద్దని మేము చెప్తాం. కానీ హెర్పిస్, గనేరియా, సిఫిలిస్, క్లమీడియా ఇవన్నీ ఆ దారిన వస్తాయి. వెనక భాగానికి నోరు తగిలితే హెపటైటిస్ ఏ, షిగెల్లా విరేచనాలు కూడా వస్తాయి. హెపటైటిస్ ఏ, బీ టీకాలు వేయించుకో. మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే గొంతు గనేరియా రాదేమోనని ఆస్ట్రేలియాలో పరీక్షించి చూశారు, దానివల్ల లాభం కనపడలేదు.

డాక్టరుకి ఇంత చెప్తే చాలు: "నేను మగవాళ్లతో ఓరల్ సెక్స్ చేస్తాను. గొంతు స్వాబ్, సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు కావాలి." ఇంకే వివరమూ చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇది నేరం కాదు. హెచ్ఐవీ చట్టం 2017 ప్రకారం నీ అనుమతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటికి చెప్పకూడదు. అక్కడ ఎవరైనా మొహం చిట్లిస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లు, టెస్ట్ మాత్రం మానొద్దు.

కాకినాడ_కుర్రాడు · శుక్రవారం, ఉదయం 9:40

కండోమ్ వాడితే ఇవన్నీ రావా? నోటితో చేసేటప్పుడు కూడా వాడతారా?

చర్మవైద్యురాలు_విశాఖ · శుక్రవారం, రాత్రి 9:30

వాడతారు. ఫ్లేవర్ వేసిన కండోమ్‌లు అందుకే. అసలు ఇక్కడ ఎవరూ వాడరని నాకు తెలుసు, అయినా చెప్తాను. కొత్త మనిషితో, లేదా పరీక్షలు చేయించుకోని మనిషితో అయితే వాడటమే మంచిది. స్త్రీకి నోటితో చేసేటప్పుడు అడ్డుగా పెట్టే డెంటల్ డ్యామ్ అనే పలుచటి రబ్బరు షీటు మన షాపుల్లో దొరకడం కష్టం. కొత్త కండోమ్ కొసలు కత్తిరించి, పొడుగ్గా ఒక పక్క చీల్చి పరిస్తే అదే పని చేస్తుంది. నూనె, వ్యాజిలిన్ తగలనివ్వకండి, రబ్బరు చిరుగుతుంది. గనేరియా, హెచ్ఐవీలను కండోమ్ బాగా ఆపుతుంది. హెర్పిస్, సిఫిలిస్‌లకి కండోమ్ కప్పని చోట కూడా పుండు ఉండొచ్చు కాబట్టి కొంతే రక్షణ.

హెచ్‌పీవీ అనే ఇంకో వైరస్ కూడా ఇదే దారిన గొంతులోకి వస్తుంది. చాలామందికి దానంతటదే పోతుంది. కొద్దిమందిలో టైప్ 16 అనే రకం ఏళ్ల తరబడి ఉండిపోయి టాన్సిల్స్, నాలుక మొదలు దగ్గర క్యాన్సర్‌గా మారుతుంది. అమెరికాలో ఆ చోట వచ్చే క్యాన్సర్లలో హెచ్‌పీవీ వల్ల వచ్చేవే ఇప్పుడు ఎక్కువ. మన దగ్గర ఇప్పటికీ పొగాకే పెద్ద కారణం. టీకా ఉంది. పుణె సీరమ్ సంస్థ తయారుచేసిన సెర్వావ్యాక్ 2023 నుంచి దొరుకుతోంది, 9 నుంచి 26 ఏళ్ల లోపు ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వేయొచ్చు. ఆడపిల్లల టీకా అనుకుని మగపిల్లల్ని వదిలేయకండి.

పల్నాడు_పల్లె · శనివారం, ఉదయం 11:15

మాది చిన్న ఊరు. ప్రైవేటులో చూపించుకునేంత డబ్బు లేదు, ఊళ్లో ఆర్ఎంపీకి చెప్తే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఎక్కడికెళ్లాలి?

ల్యాబ్_అన్న · శనివారం, మధ్యాహ్నం 12:50

జిల్లా ఆసుపత్రిలో, చాలా ఏరియా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది. సుఖవ్యాధులకు అక్కడ పరీక్ష, మందులు ఉచితం. రంగుల పెట్టెల్లో కిట్లు ఇస్తారు, హెర్పిస్ పుళ్లకైతే అసైక్లోవిర్ మాత్రలున్న ఎర్ర కిట్. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలకు పక్కనే ఐసీటీసీ అనే కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం ఉంటుంది, అక్కడ కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్తే ఓపీ చీటీ రాసేచోట "స్కిన్" అంటే చాలు, సుఖవ్యాధులు చూసేది ఆ విభాగమే. చీటీ దగ్గర ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మీకు దగ్గర్లో ఏది ఉందో తెలియకపోతే ప్రభుత్వ హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. పొక్కులు ఎండకముందే వెళ్లండి, ఆలస్యమైతే స్వాబ్‌లో ఏమీ దొరకకపోవచ్చు.